కరెంటు కాలదు

"ఈ నెల ఎంత కరెంటు కాలింది?" అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కరెంటు కాలదు. బల్బులోకి ఎంత వెళ్తుందో అంతా రెండో తీగలోంచి బయటికి వచ్చేస్తుంది. ఖర్చయ్యేది వేరే. ఇంత చిన్న సంగతి ఒక్కరి చేతనైనా ఒప్పించాలని పదో తరగతిలో నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు.

డెబ్భైల చివరి మాట. మా నాన్న పోర్టులో ఇనుప ఖనిజాన్ని ఓడల్లోకి చేరవేసే బెల్టు దగ్గర పనిచేసేవాడు. తెల్ల చీర ఆరేస్తే సాయంత్రానికి ఇటుక రంగులోకి తిరిగే వీధి మాది. మా వీధిలో అందరి నోటా కరెంటు కాలిందనే మాటే. పట్టపగలు లైటు వెలుగుతుంటే మా అమ్మ వంటింట్లోంచే కేకేసేది, "కరెంటు ఊరికే కాలిపోతన్నాది, ఎవరే ఆ గదిలో" అని. కట్టెలు కాలినట్టు, కిరసనాయిలు కాలినట్టు కరెంటు కూడా కాలిపోతుందనే నేనూ అనుకునేదాన్ని. బడికి వెళ్ళేసరికే ఆ పాఠం మాకు తప్పుగా వచ్చేసి ఉంది.

మా సైన్సు మాస్టారు పాఠాన్ని బల్ల మీద చేసి చూపించే మనిషి. అలాంటివాళ్ళు అరుదు, ఆ సంగతి ఒప్పుకోవాలి. కరెంటు కొలవడానికి బడి మొత్తానికి ఉన్న ఒకే ఒక్క అమ్మీటరు తెచ్చి, టార్చిలైటు బ్యాటరీలు, బల్బు, స్విచ్చి తీగలతో కలిపారు. బల్బులోకి వెళ్ళే కరెంటు ఎక్కువ, బయటికొచ్చేది తక్కువ, మధ్యలో బల్బు కొంత తినేస్తుంది, ఇప్పుడు మీ కళ్ళతోనే చూడండి అన్నారు. ముందు మీటరుని బల్బుకి ఇవతల పెట్టారు. ముల్లు ఒక గీత మీద ఆగింది. వరసలో వెళ్ళి అందరం చూశాం. తరవాత దాన్ని తీసి బల్బుకి అవతల పెట్టారు. ముల్లు మళ్ళీ అదే గీత మీద ఆగింది.

మాస్టారు అద్దం మీద వేలితో కొట్టారు. మరలు బిగించారు. కొత్త బ్యాటరీలు వేశారు. బల్బు ఇంకా బాగా వెలిగింది, ముల్లు ఇంకాస్త ముందుకి జరిగింది, కానీ బల్బుకి ఇవతల ఎంతో అవతలా అంతే. ఆయన చెమట తుడుచుకుని, మీటరు పాడైపోయింది, కూర్చోండి అన్నారు. "పాడైనది" అని చీటీ రాసి దానికి అంటించి బీరువా మీద పెట్టేశారు. బోర్డు మీద మాత్రం బల్బు కొంత కరెంటును వాడుకొనును అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. క్లాసంతా తలలు వంచి ఎక్కించుకుంది.

నా చెయ్యి ఆడలేదు. పాడైన మీటరు కొత్త బ్యాటరీ వెయ్యగానే ఎందుకు ముందుకి జరుగుతుంది? లేచి అడిగాను. ఆయన కోప్పడలేదు. ఏమీ తినకపోతే వెలుగెక్కడిదమ్మా, బ్యాటరీ ఎందుకు అయిపోతుంది అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ముల్లు నిజమైతే వెలుగు అబద్ధం కావాలి, వెలుగు నిజమైతే ముల్లు అబద్ధం కావాలి. రెండూ నా కళ్ళ ముందే జరిగాయి.

పాలిటెక్నిక్ చదివే మా పెద్దమ్మ కొడుకుని పట్టుకున్నాను. కరెంటంటే గొట్టంలో నీళ్ళనుకో అన్నాడు. మా వీధి కుళాయికి నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి. వచ్చిన నీళ్ళు మళ్ళీ వెనక్కి పోవడం మా వీధిలో పుట్టి బుద్ధెరిగిన వాళ్ళెవరూ చూడలేదు. మరి రెండో తీగ ఎందుకన్నయ్యా అంటే, ఉండాలి, ఉంటుందంతే అన్నాడు. దాన్ని కూడా చదువనే అంటారు.

దసరాకి ఆయుధపూజ రోజున పనివాళ్ళ ఇంట్లోవాళ్ళని పోర్టులోకి రానిచ్చేవారు. యంత్రాలకి పసుపు రాసి, దండలేసి, గుమ్మడికాయ కొట్టి, మాకు చూపించడానికి బెల్టుని కాసేపు నడిపారు. పైన ఎర్రటి ఖనిజం కుప్పలు కుప్పలుగా పోతోంది. కొసన అదంతా కింద పడిపోతోంది. ఖాళీ అయిన బెల్టు చుట్టు తిరిగి అడుగునుంచి వెనక్కి వస్తోంది. పైన ఎంత వేగంగా పోతోందో కిందా అంత వేగంగానే. బెల్టులో ఒక్క జానెడు కూడా ఎక్కడా ఖర్చు కాలేదు. దిగిపోయింది సరుకొక్కటే.

నేను నడుం వంచి అడుగువైపే చూస్తున్నాను. నాన్నకి నామోషీగా ఉంది, పక్కన తోటి పనివాళ్ళు నవ్వుతున్నారు.

"ఏటమ్మా, కిందికి వంగి సూత్తన్నావు? పైన సూడు, సరుకు పైనున్నాది," అన్నాడు నాన్న.

సరుకు శక్తి, బెల్టు కరెంటు. బ్యాటరీ సరుకెత్తుతుంది, బల్బు దగ్గర అది వెలుగూ వేడీగా దిగిపోతుంది, కరెంటు ఉన్నదున్నట్టు తిరిగొస్తుంది. సరుకయిపోతే బ్యాటరీ అయిపోతుంది. ముల్లూ నిజమే, వెలుగూ నిజమే. ఆనందంతో నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

అర్ధసంవత్సర పరీక్షలో సరిగ్గా ఆ బల్బు ప్రశ్నే వచ్చింది. బెల్టు బొమ్మ వేసి మరీ రాశాను. పేపరు తిరిగొచ్చింది. బొమ్మ మీద అడ్డంగా గీత, పక్కన సున్నా, దాని కింద ఎర్ర సిరాతో "సొంత పైత్యం". నేను స్టాఫు రూముకి వెళ్ళి, బీరువా మీది మీటరు దింపి ఇంకొక్కసారి పెట్టి చూడండి సార్ అని బతిమాలాను. పాడైన వస్తువుతో ప్రయోగం ఎలా చేస్తామమ్మా అన్నారాయన. పాడైందని ఎందుకన్నారంటే అది ఆయన చెప్పినట్టు చూపించలేదు కనక. ఈ గానుగ చుట్టూ ఎన్నిసార్లు తిరగను?

ఇంటికెళ్ళే దారిలో నా పక్క బెంచీ పిల్ల తోడొచ్చింది. జాలరిపేట పిల్ల, లెక్కల్లో నాకన్నా చురుకు. ఆ ప్రశ్నకి దానికి నిండా మార్కులొచ్చాయి. ఆ రోజు మీటరు దగ్గరికి అందరికన్నా ముందు వెళ్ళిందీ అదే. నువ్వు చూడలేదా అని నిలదీశాను. కోపంగా చూస్తుందనుకున్నాను. అది పుస్తకాలు ఇంకో చంకలోకి మార్చుకుని మామూలుగా చెప్పింది.

"నానూ సూసేనే. రెండేపులా ఒకటే. మీటరుకేటీ అవలేదు. అయితే మార్కులు నువ్విత్తావేటి?"

ముల్లుని నమ్మినదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నన్నాళ్ళూ నాకు దిగులుగా మాత్రమే ఉండేది. ఇద్దరం ఉన్నామని తెలిశాక కోపం వచ్చింది.