బాగుచేసిన బండి ఖాళీగా పోకూడదని

దగ్గరికి జరగండి. ఆ మిరప తొడిమలు పక్కకు నెట్టి కూర్చోండి, చెబుతాను.

వినుకొండ పక్క మా ఊరి నుంచి గుంటూరు యార్డుకు మిరపకాయలు తోలే చిన్న లారీ ఒక్కటే మా ఇంటికి ఆధారం. వెనక ఇరుసు మధ్యలో గుండ్రటి ఇనుప బుర్ర ఉంటుంది చూశారా, అందులో పళ్ళ చక్రాలు అరిగిపోతే మెకానిక్ కొత్తవి వేశాడు. మా ఊరివాడే, మా ఆయన్ని బావా అంటాడు. వెళ్తూ వెళ్తూ, "కొన్నాళ్ళు ఖాళీగా తిప్పు బావా. కాస్త నడిపి, ఆపి, చల్లారనీ. పళ్ళకు పళ్ళు అలవాటు పడాలి" అన్నాడు.

బాగుచేయించిన బండి మొదటిసారి ఖాళీగా వాకిలి దాటకూడదని మా వాళ్ళ పట్టింపు. గుమ్మడికాయ కొట్టి, నిండుగా బస్తాలేసుకుని బయల్దేరారు మా ఆయన. సగం దారిలోనే మాడు వాసన. ఆ బుర్ర మీద నీళ్ళు చిలకరిస్తే చుయ్యిమన్నాయట. సరుకు వేరే బండికెక్కించి తిరిగొచ్చారు.

వస్తూనే నా మీద అరిచారు: "పాతవే రంగు పూసి బిగించాడే! బరువేస్తే బండారం బయటపడుద్దని ఖాళీగా తిప్పమన్నాడు."

"అతను విప్పి తీసిన అరిగిన చక్రం మన వసారాలోనే ఉందిగా?" అన్నాను.

"అది ఎవడి బండిదో!"

అనుమానం పట్టినవాడికి అన్నంలో మెతుకు కూడా రాయిలాగే తగులుతుంది. కబురు చేస్తే మెకానిక్ వచ్చాడు. మా ఆయన కుర్చీ చూపించలేదు. అతను నూనె దించి, వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూశాడు.

"మాడిపోయింది. ఎంత బరువేశావు బావా?"

"బరువు సంగతి నీకెందుకురా? నీ బిగింపు సంగతి చెప్పు."

"చెల్లెమ్మా, ఆంజనేయస్వామి సింధూరం నూనెలో కలిపి తే."

"ఇప్పుడు దానికి పూజ చేస్తావా?"

"నా మాట నమ్మవుగా. దాన్నే అడుగుదాం."

వెనక మూత విప్పి, పళ్ళకు సింధూరం పూశాడు. "బండి చక్రం తిప్పు. పన్ను అంచున ఎరుపు చెరిగితే నా బిగింపు తప్పు. నడుమ చెరిగితే నీ బరువు తప్పు."

మా ఆయన తిప్పి, టార్చి పట్టుకుని బండి కిందికి దూరారు. ప్రతి పన్నుకూ నడుమే చెరిగింది.

"మళ్ళీ పూయి." మళ్ళీ నడుమే.

"ఇంకోసారి."

"తిప్పుకో బావా, సింధూరం అయిపోతే గుడికెళ్ళి తెస్తా."

కొత్త నూనె పోశాక ఖాళీగా పోవడానికి మా ఆయనకు కాలాడలేదు. నేను చేటెడు మిరపకాయలు తెచ్చి ముందు సీట్లో పెట్టాను. "ఇప్పుడు ఖాళీ కాదుగా?"

కాలవ వంతెన దాకా పోయి, ఆగి, చల్లార్చుకుని వచ్చారు. దిగీ దిగగానే కిందికి దూరి ఆ బుర్ర మీద అరచెయ్యి ఆనించారు. తీయలేదు. ఇటు మార్చి అటు మార్చి చూశారు. బయటికొచ్చి చేతులు దులుపుకుని, వాకిట్లో ఇంకా నిలబడే ఉన్న మెకానిక్‌ను చూసి అన్నారు:

"ఏమే, బావకు కుర్చీ వెయ్యి."

మీ ఇంట్లో మీరు చెయ్యి పెట్టిన చోటల్లా చల్లగా ఉండాలి. మీ వాకిట్లోకొచ్చిన ఏ మనిషీ కుర్చీ లేక నిలబడకుండుగాక.