బతికున్న నాన్నకి సంతాపం

ఎవరైనా పెళ్లిచూపులకి వెళ్లి పిల్లకి నచ్చక తిరిగొస్తారు. నేను మాత్రం వెళ్లి మా నాన్నని చంపుకున్నాను. కంగారుపడకండి, ఆయన ఇప్పటికీ నిక్షేపంలా ఉన్నాడు, పొద్దుటే పెసరట్లు లాగించాడు. కానీ కలకత్తా సాల్ట్ లేక్‌లోని ఓ కాఫీ షాపులో మాత్రం ఆయన కాసేపు కాలం చేశాడు.

అప్పటికి నాన్నకి బదిలీ అయి, మేం విజయనగరం నుంచి కలకత్తా పక్కనున్న టికియాపారా రైల్వే క్వార్టర్సుకి కొత్తగా వచ్చాం. బెంగాలీల ఆచారాల్లో నాకు ఓనమాలు కూడా తెలీవు. నాకు చూసిన సంబంధం ప్రశాంతి ఏమో కలకత్తాలోనే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. ఫోటో చూసినప్పట్నుంచీ నాకు కంటిమీద కునుకు లేదు. వచ్చిన సంబంధాలన్నీ తిరగ్గొడుతోందట. ఆదివారం చర్చి అయ్యాక కాఫీ షాపులో కలుద్దామని కబురు పెట్టింది.

గడ్డం ఉంటే హీరోలా ఉంటానని పదిరోజులుగా గీసుకోలేదు. తలకి నూనె మానేశాను. ఆవేళ చర్చిలో ప్రభు బల్ల, అందరూ తెల్లబట్టలు కట్టే రోజు. తెల్ల పంచె కట్టి, చలికి తెల్ల శాలువా కప్పాను.

"గడ్డం గీసుకోరా నాయనా, దిష్టిబొమ్మలాగున్నావు" అంది అమ్మ.

"నీకేటి తెలుస్తాది, ఇది ఫ్యాషను!"

ఆరాధన అయి బయటికొస్తే గుమ్మం దగ్గర విడిచిన నా కొత్త చెప్పులు మాయం. మన చర్చిల్లో చెప్పులు బయటే విడవాలి కదా. దేవుడు లోపల, దొంగ బయట. నాన్న పాస్టరుగారితో మాటల్లో ఉండి, "నువ్వు పద, నేనెనకాలొస్తాను" అన్నాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. చెప్పులు లేనివాడికి అడుసు తప్ప గతేముంది చెప్పండి? వట్టికాళ్లతో క్యాబెక్కాను.

కాఫీ షాపులో అడుగుపెట్టగానే అందరి తలలూ నావైపు తిరిగాయి. నడివయసు వెయిటరు నా కాళ్లు చూశాడు, గడ్డం చూశాడు, మెల్లిగా కుర్చీ లాగాడు.

"ఒక కాఫీ, చికెన్ శాండ్‌విచ్" అన్నాను హిందీలో.

"ఇప్పుడు చికెనొద్దు దాదా. పళ్లు తెస్తాను" అన్నాడు. దాదా అంటే అక్కడ అన్నా అని.

"నేను పళ్లడగలేదే?"

"తెలుసు దాదా. ఈ సమయంలో ఏం తినాలో కూడా తోచదు."

నా బుర్ర గిర్రున తిరిగింది. ఓహో, చెప్పుల్లేవని ముష్టివాణ్ణనుకున్నాడు! ఒళ్లు మండి ఆఫీసు కార్డు తీసి టేబులు మీద కొట్టాను. "నేను ఇంజినీర్ని, తెలుసా?"

"ఎవరైతేనేం దాదా, ఇది ఎవర్నీ వదలదు" అని నా భుజం నిమిరాడు. పక్క టేబులు ముసలావిడ కళ్లు తుడుచుకుంది. నాకేమీ అర్థం కాలేదు.

ఇంతలో ప్రశాంతి వచ్చింది. వెయిటరు గుమ్మం దగ్గరే ఆమె చెవిలో ఏదో ఊదాడు. ఆమె నన్ను ఎగాదిగా చూసి పాలిపోయింది.

"మీ నాన్నగారు పోతే, మీరు పెళ్లిచూపులకొచ్చీసేరేటండీ? మనిషేనా?"

"మా నాన్నా? ఎప్పుడు?"

అందరికీ కబురంది, నాకే అందలేదేమో! వెంటనే నాన్నకి ఫోను కొట్టాను. ఎత్తలేదు. అంతే, శాలువాలో మొహం పెట్టుకుని గొల్లుమన్నాను. వెయిటరూ ఏడ్చాడు, ముసలావిడా ఏడ్చింది. షాపంతా శోకాలు.

ఆ శోకాల మధ్యలోకి తలుపు తోసుకుని నాన్న వచ్చాడు. "ఏట్రా ఈ ఏడుపు? ఎవరు పోయేరు?"

"నువ్వే నాన్నా!"

"ఈయనెవరు?" అన్నాడు వెయిటరు.

"మా నాన్న" అన్నాను. అతని చేతిలో పళ్ల పళ్లెం జారి కిందపడింది.

ప్రశాంతి కుర్చీలో కూలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. ఊపిరి తీసుకున్నాక చెప్పింది: బెంగాలీల్లో తండ్రి పోతే కొడుకు తెల్లబట్ట కట్టి, గడ్డం గీయక, నూనె రాయక, చెప్పుల్లేకుండా తిరుగుతాడట. మాంసం ముట్టడట. నా ఫ్యాషనంతా అచ్చం మైల వేషమన్నమాట!

సంబంధం కూడా పోయిందనుకుని సిగ్గుతో తలొంచుకున్నాను. ఆ పిల్ల నాన్నకేసి తిరిగింది.

"మీ అబ్బాయి ఒఠ్ఠి వెర్రిమాలోకమండీ. కానీ మీకోసం ఎంతలా ఏడ్చీసేరో! కాఫీ తాగుతారా, మావయ్యగారూ?"

కనుక పాఠకదేవుళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట కలకత్తాలో ఏ కాఫీ షాపుకి వెళ్లినా, ముందు మా నాన్న లోపలికి నడుస్తాడు. ఆయన బతికే ఉన్నాడని నలుగురూ చూశాకే నేను అడుగుపెడతాను.