క్యారియరు లేని సైకిలు

మా అమ్మ సమాధి ఆళ్లగడ్డకు అవతల, కొండ కింద ఉన్న మా పాత ఊళ్లో ఉంది. ఏటా నవంబరులో సమాధుల పండుగకు నంద్యాలలో సైకిలెక్కి, ఆళ్లగడ్డలో మా అక్కను వెనక ఎక్కించుకుని అక్కడికి పోవడం అలవాటు. బస్సు పోని రాళ్ల దారి అది. అక్కకు మోకాళ్ల నొప్పులు, నడవలేదు. డెబ్బైల చివర్లో ఒక ఏడు మాత్రం కొత్త సైకిలు మీద బయల్దేరాను.

కొత్తదంటే నాకు కొత్త. బదిలీ మీద పోతున్న ఆఫీసు మిత్రుడి రేసు సైకిలు మీద మనసు పడి, కొండదారుల్లో పదేళ్లు నన్ను మోసిన లావు టైర్ల బండిని ఇచ్చి మార్చుకున్నాను. పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిలు, వేలెడు మందం టైర్లు. మడ్‌గార్డు లేదు, స్టాండు లేదు. ఎంత తేలికో అని మురిసిపోయాను.

పొద్దున ఐదున్నరకు నంద్యాల దాటాను. మొదటి గంట నరకం. పాత బండి మీద నిటారుగా కూర్చుని, వరిమళ్లు చూసుకుంటూ, ఎదురొచ్చినవాళ్లను పలకరిస్తూ పోయేవాణ్ణి. దీని మీద నడుము వంచితే రోడ్డు తప్ప ఏమీ కనబడదు. అరచేతులు తిమ్మిరెక్కాయి. పాత అలవాటుకొద్దీ మట్టి అంచుకు దింపితే చక్రం జారి, బోర్లా పడబోయి నిలదొక్కుకున్నాను.

ఏడుకు శిరివెళ్లలో టీకి ఆగాను. బెంచీ మీది పెద్దాయన నేను వచ్చిన తీరంతా చూసినట్టున్నాడు.

"ఏందప్పా, దారిలో ఏమన్నా పారేసుకున్నావా? నేలే చూసుకుంటా వస్తాండావ్" అన్నాడు. అందరితోపాటు నేనూ నవ్వాను.

అక్కణ్ణించి ఒళ్లు దానికి అలవాటు పడింది. మోచేతులు వదులు చేసి తొక్కితే సైకిలు గాలిలో తేలినట్టు పోయింది. ఎప్పుడూ తొమ్మిది దాటేది, ఎనిమిదింపావుకే అక్క వాకిట్లో దిగాను. గర్వంగా గంట కొట్టబోతే గంట కూడా లేదు.

అక్క అప్పటికే తయారై ఉంది. ఒక చేతిలో సున్నం డబ్బా, ఇంకో చేతిలో బంతిపూలు, కొవ్వొత్తులు ఉన్న సంచి. సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"యాడ కూచ్చోవాలరా నేను?"

నిజంగా ఆ క్షణం దాకా నాకు తట్టలేదు. అద్దె సైకిళ్ల అంగడికి పరుగెత్తాను. "పండగ గదన్నా, తెల్లారేతలికే అన్నీ పోయినాయి" అన్నాడు అంగడాయన. తిరిగొచ్చి, ముందు కమ్మీ మీద కూర్చోమన్నాను.

"ఈ వయసులోనా? నువ్వే పోయిరాపో" అంటూ సున్నం డబ్బా, పూల సంచి హ్యాండిలుకు తగిలించింది.

రాళ్ల దారి ఎక్కగానే టైరు పంక్చరైంది. సైకిలును నడిపించుకుంటూ పోయి, సమాధికి సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించాను. ఇంటి సంగతులన్నీ అమ్మకు చెప్పేది ఎప్పుడూ అక్కే. నేను దండం పెట్టుకుని వెనుదిరిగాను.

పంక్చరు వేయించుకుని అక్క ఇంటికొచ్చేసరికి నాలుగైంది. అన్నం పెడుతూ, లోపలి గదిలో ఉన్న తన అత్తకు వినబడకుండా అక్క గొంతు తగ్గించింది.

"ఈ ఇంట్లో నేనేం మాట్లాడేదానికుందిరా? ఏడాదికొక తూరి దారెంబడీ నీ ఈపుకు చెప్పుకుంటాంటి."

"ఇప్పుడు చెప్పక్కా" అన్నాను.

"మొగం చూస్తా ఎట్ల చెప్పేదిరా?"

ఐదుకు బయల్దేరాను. తారురోడ్డు మీద పోయేవాళ్లకు ఆ సైకిలును మించింది లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. శిరివెళ్ల ఎప్పుడు దాటానో తెలియనే లేదు. కానీ రాళ్ల దారిలో వెనక అక్క లేకపోయిందన్న దిగులు నంద్యాల దాకా నన్ను వదల్లేదు.

మరుసటి ఏడు లావు టైర్ల సైకిలే అద్దెకు తీసుకుపోయాను. అక్క వెనక కూర్చుంది. పోయినేడు చెప్పాలనుకున్నదేంటని అడిగితే, "మతికి లేదులే" అంది. దారి పొడవునా వానల గురించే మాట్లాడింది.