మా ఆయన లిఫ్టు ఆట

మా ఆయన లిఫ్టుల తనిఖీదారు. ఎక్కడ లిఫ్టు ఎక్కినా ముందు గోడకు అంటించిన కాగితం చదువుతారు, లోపల ఎంతమంది ఉన్నారో లెక్కపెడతారు, ఒక్కరు ఎక్కువైనా చివర ఎక్కినవాళ్లను దింపేస్తారు. ఒకసారి అలా దిగింది నేనే.

ఇరవై రెండేళ్లు అలా గడిచాక, బల్ల మీద ఆడే ఆట ఒకటి తయారుచేయాలని ఆయనకు బుద్ధి పుట్టింది. పన్నెండంతస్తుల అట్ట భవనం, ఒక్కటే లిఫ్టు, నలుగురు ఆటగాళ్లు. ఎవరి ప్రయాణికుల్ని వాళ్లు సరైన అంతస్తుకు చేర్చాలి. వినడానికి బాగానే ఉంది కదా? నియమాల పుస్తకం నలభై పేజీలు.

ఆడి చూడ్డానికి మేమే దొరికాం: నేను, మా ఆడబిడ్డ, మా తమ్ముడు. ఎవరు చెయ్యి చాపినా ఆయన "ఆగాగు!" అనేవారు. మా తమ్ముడు ఆరు ఆదివారాలు ఓర్చుకున్నాడు.

"బావా, ఇది ఆటా, డ్రైవింగ్ లైసెన్సు పరీక్షా?" అన్నాడు ఏడో ఆదివారం. ఆ తర్వాత వాడికి ఆదివారాల్లో మాత్రమే వచ్చే నడుంనొప్పి మొదలైంది.

ఆట అచ్చు వేయించే స్తోమత మాకెక్కడిది? ఇంటర్నెట్లో ఒక పద్ధతి ఉందట. ఆట తయారు కాకముందే బొమ్మలు చూపించి, నచ్చినవాళ్ల దగ్గర ముందే డబ్బు తీసుకోవడం. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే కాబోలు అనుకున్నాను. తీరా చూస్తే ఎనిమిది వందల మంది కట్టారు! ఆర్నెల్లలో పంపుతామన్నది రెండేళ్లు పట్టింది, ఆ అట్ట లిఫ్టుకు తలుపులు నిజంగా తెరుచుకోవాలని ఈయన పట్టుబట్టారు మరి.

పెట్టెలు అందరికీ చేరాయి. అందరూ ఫొటోలు పెట్టారు. అలమరలో నిలబెట్టిన పెట్టె ఫొటోలు! పైనున్న ప్లాస్టిక్ పొర కూడా చింపలేదు. కింద మాత్రం "అద్భుతం" అని రాశారు.

ఆయన ఒక్కో ఫొటో పెద్దది చేసి చూసేవారు.

"ఎవరూ ఆడలేదే," అన్నారొక రోజు. "నాకు పేరూ వద్దు, ఏమీ వద్దు. ముక్కూ మొహం తెలియని నలుగురు నా ఆట ఆడుతూ నవ్వుతుంటే ఒక్కసారి చూడాలనుంది."

రెండేళ్లు సణిగినదాన్ని నేనే. ఆ మాటకు మాత్రం జాలేసింది.

వచ్చినవాళ్లు ఆడుకోవడానికి ఆటలు పెట్టే కాఫీ దుకాణం ఒకటుంటే, నేనే ఒక పెట్టె తీసుకెళ్లి ఇచ్చాను. ప్రతి శనివారం సాయంత్రం వెళ్లి ఓ మూల కూర్చునేవాళ్లం. నాలుగు వారాలు దాన్ని ముట్టుకున్న నాథుడు లేడు. ఐదోవారం ఇద్దరమ్మాయిలు, ఇద్దరబ్బాయిలు దాన్ని అలమరలోంచి దించారు. పుస్తకం తెరిచి, ఒక్క పేజీ చదివి పక్కన పడేశారు.

ఇక చూడండి, అబ్బ, ఏం ఆడారని! ఒకరు లిఫ్టును పైకి లాగితే ఇంకొకరు మధ్యలోనే కిందికి గుంజడం, "ముందు నా ముసలాయన్ని దించరా!" అని ఒకమ్మాయి అరవడం, పక్కవాడు పొట్ట పట్టుకుని నవ్వడం. పక్క బల్లలవాళ్లు కూడా లేచొచ్చి చూస్తున్నారు. నాకు పట్టరాని సంతోషమేసి ఆయన వైపు తిరిగాను. కుర్చీ ఖాళీగా ఉంది.

"బాబూ, పైకి బయల్దేరిన లిఫ్టు మధ్యలో కిందికి రాదు. పదకొండో పేజీ చూడండి," అంటున్నారు వాళ్ల దగ్గర నిలబడి.

"మీరెవరండీ?" అంది అరిచిన అమ్మాయి.

"ఈ ఆట తయారుచేసింది నేనే."

మర్యాదగల పిల్లలు, పాపం. చప్పట్లు కొట్టారు, ఫొటో దిగారు, పదకొండో పేజీ తీశారు. ఈయన ఒక్కో ఎత్తూ దగ్గరుండి సరిదిద్దారు. పావుగంటకు ఒకడు ఆవలించాడు. "థాంక్స్ అంకుల్, చాలా బాగుంది," అని అన్నీ పెట్టెలో సర్దేసి, పేకముక్కలు తెచ్చుకున్నారు.

ఆయన వచ్చి కూర్చున్నారు. కాసేపు నోరు మూసుకుంటే మీ సొమ్మేం పోయింది అని కడిగేద్దామనుకున్నాను. ఒళ్లు మండిపోతోంది నాకు. ఆయన ఇంకా ఆ బల్ల వైపే చూస్తున్నారు.

"ముందు... నేను వెళ్లకముందు, వాళ్లు నవ్వారా?"

"పొట్ట చెక్కలయ్యేలా నవ్వారండీ. మీరూ ఇక్కడే ఉన్నారుగా?"

"నేను చూళ్లేదే," అన్నారు. "లిఫ్టునే చూస్తున్నా."