పిడుగు కాగితం రాసిన కమిసార్

కొర్చా పట్నంలో వాంజెల్‌ని వాంజెల్ అని పిలిచేవాళ్ళు ఇద్దరే. ఒకరు పెళ్ళాం ఫ్రొసీనా, రెండోవాడు లాంబి. తక్కిన ఊరంతా అతన్ని కమిసార్ అంటుంది. డెబ్బైల్లో వచ్చిన ఒక సినిమాలో అతను జర్మన్లతో చాటుగా పోరాడే పార్టిజాన్ దళంలో కమిసార్, అంటే కమ్యూనిస్టు పార్టీ అధికారి, వేషం కట్టాడు. జర్మన్లు గోళ్ళు పీకినా తోటివాళ్ళ పేర్లు బయటపెట్టని మొనగాడి వేషం అది. ఆ తర్వాత పాల కోసం వరసలో నిలబడితే చాలు, జనం అతన్ని ముందుకు తోసేసేవారు. "మీరు నిలబడ్డమేంటి కమిసార్, పదండి, పదండి!" అతను తల దించుకుని ముందుకు నడిచేవాడు. ఎంత వినయమో అని వాళ్ళు మురిసిపోయేవారు. అతనికేమో సిగ్గుతో చెవులు కాలిపోయేవి.

ఎందుకంటే ఆ వేషం లాంబిది.

ఇద్దరూ ఒకే వీధి పిల్లలు. ఒకే ఏడు నాటకశాలలో చేరారు, ఒకే అద్దం ముందు రంగు పూసుకున్నారు. లాంబి పెద్ద నటుడు. ఆ సంగతి అందరికన్నా ముందు తెలిసింది వాంజెల్‌కే. వాంజెల్ గొప్పతనమంతా ఇంకొకళ్ళని అనుకరించడంలో ఉండేది. ఒక్కసారి చూస్తే చాలు, ఆ మనిషిని దింపేసేవాడు.

పందొమ్మిది వందల డెబ్బై నాలుగులో వాంజెల్ పుట్టినరోజు వచ్చింది. ఫ్రొసీనా ఉల్లికాడల లక్రోర్ చేసింది, పొరలు పొరలుగా కాల్చే రొట్టె అది. లాంబితో కలిపి ఏడుగురు తోటినటులు వచ్చి బల్ల చుట్టూ చేరారు. రెండు గుక్కలు రకీ సారా పడేసరికి వాంజెల్ లేచి నిలబడి, కళ్ళజోడు తుడుచుకుని, మూడుసార్లు దగ్గి, పార్టీ కమిటీ కార్యదర్శిలా ఉపన్యాసం మొదలెట్టాడు. అందరూ కడుపులు పట్టుకున్నారు. లాంబి అయితే నవ్వి నవ్వి కుర్చీలోంచి జారిపోయాడు.

"ఒరేయ్ చాల్లేరా, చచ్చిపోతాను!" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

సోమవారంనాటికి నాటకశాలలో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరింట్లోనో ఎవరో కార్యదర్శిని వెక్కిరించారట, పేర్లు రాబడతారట.  వాంజెల్‌కి ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్నారు. నిజమే. కానీ ఆ రోజు పిల్లలు గుర్తొచ్చారని అతను తర్వాత చెప్పుకున్నదంతా తన మనసుకి తాను సర్దిచెప్పుకున్న మాట. ఆ రోజు అతనికి గుర్తొచ్చింది తన ప్రాణం ఒక్కటే.

ఎవరూ అడగక ముందే కూర్చుని పిడుగు కాగితం రాశాడు. ఆ రోజుల్లో తోటివాడి తప్పు పెద్ద పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించేవారు. దాన్నే పిడుగు కాగితం అనేవారు. పిడుగు ఎవరి మీద పడితే వాడు మూడు రోజుల్లో కిందనే జవాబు అంటించాలి. "కామ్రేడ్ లాంబి నా ఇంట్లో కూర్చుని పార్టీ నాయకుణ్ణి వెక్కిరించాడు. ఇంటివాడిగా నేను సిగ్గుపడుతున్నాను" అని రాసి, మెట్ల పక్క గోడకి తన చేత్తోనే జిగురు పూసి అంటించాడు. ఇంటికొచ్చి రొట్టె తిన్న మనిషిని అప్పగించడమంటే ఆ నేలమీద అంతకన్నా నీచం లేదు. వాంజెల్‌కి తెలియకనా!

మూడు రోజులూ అతనికి మెతుకు దిగలేదు. లాంబి నిజం రాస్తే చాలు, తను దొరికిపోతాడు, తక్కిన ఆరుగురూ సాక్షులున్నారు. మూడో రోజు జవాబు వచ్చింది. "కామ్రేడ్ వాంజెల్ విమర్శ సరైనదే. నోటిదురుసు నాకు చిన్నప్పటినుంచీ ఉంది." అంతే. ఆరుగురూ చదివారు, ఆరుగురూ నేల చూపులు చూస్తూ మెట్లెక్కిపోయారు. లాంబిని ఊరికి దూరంగా ఇటుకబట్టీకి పంపేశారు. పదిహేడేళ్ళు. అతనికి అనుకున్న కమిసార్ వేషం మరుసటి నెలలో వాంజెల్ ఒళ్ళో వచ్చిపడింది.

పార్టీ సర్కారు కూలాక లాంబి తిరిగొచ్చాడు. బజారు మలుపులో ఒక బల్ల వేసుకుని గొడుగులు బాగుచేయడం మొదలెట్టాడు. బల్ల పక్కన ఒక ఖాళీ కుర్చీ. వాంజెల్ ఎదురుపడితే చెయ్యి ఊపేవాడు. "వాంజెల్! మోకాలెలా ఉందిరా?" అనేవాడు. ఇంకో ముక్క అనేవాడు కాదు. తిట్టి ఉంటే బాగుండు అనిపించేది వాంజెల్‌కి. కాలరు పట్టుకున్నా బాగుండు. ఆ మలుపు తప్పించుకోడానికి వెనకవీధిలో చుట్టు తిరిగి ఇంటికెళ్ళేవాడు.

"వానొచ్చినా చుట్టు తిరిగే వస్తావు," అంది ఫ్రొసీనా ఆ మొదటి ఏడే ఒకసారి, తడిసిన కోటు విదిలిస్తూ. "వెళ్ళి చెప్పరాదూ?"

"ఏమని చెప్పమంటావే?"

"ఏముంది? చేసిందే చెప్పు."

"రేపు వెళ్తాలే."

ఆ రేపు ఇరవై రెండేళ్ళపాటు రాలేదు.

వాంజెల్‌కి డెబ్బై అయిదేళ్ళు నిండాక పురపాలకం వాళ్ళు నాటకశాలలో సన్మానం పెట్టారు. హాలు కిటకిటలాడిపోయింది. కమిసార్ గోళ్ళు పీకించుకునే ఘట్టం తెరమీద వేశారు. చప్పట్లు మోగుతుంటే వాంజెల్ మూడో వరసలో లాంబిని చూశాడు. కొత్త చొక్కా తొడుక్కుని, టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఇవాళ కాకపోతే ఇంకెప్పుడూ కాదనుకున్నాడు వాంజెల్.

"ఈ వేషం నాది కాదు," అన్నాడు మైకు ముందు. "లాంబిది. కార్యదర్శిని వెక్కిరించింది నేను. ఆ నేరం లాంబి మీద పెట్టి, కాగితం రాసింది…" అని ఆగాడు. ఎక్కడ ఆగితే హాలు ఊపిరి బిగబడుతుందో అతనికి యాభై ఏళ్ళుగా తెలుసు. "నేను. నా మూలంగా ఆ మనిషి పదిహేడేళ్ళు ఇటుకలు మోశాడు."

 ముందు ఎవరో లేచి చప్పట్లు కొట్టారు. ఇంకెవరో లేచారు. చివరికి అందరూ లేచారు. "ఎంత పెద్ద మనసు!" అని ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. పురపాలక అధ్యక్షుడు పరుగున వచ్చి కౌగిలించుకున్నాడు. మూడో వరసకేసి ఒక్కరూ తల తిప్పలేదు.

జనం పలచబడ్డాక లాంబి నడవలోకి వచ్చాడు.

"లాంబీ…"

"బాగా చెప్పావురా," అన్నాడు లాంబి. "నా బల్ల పక్కన కుర్చీ ఉంది కదా, ఇరవై రెండేళ్ళుగా. ఏ రోజన్నా వచ్చి కూచుని, 'ఒరేయ్, తప్పయిపోయిందిరా' అంటే సరిపోయేది. చెరో కాఫీ తాగి లేచేవాళ్ళం. దీనిక్కూడా నీకు హాలు నిండా జనం కావాల్సొచ్చిందా?"

 లాంబి టోపీ పెట్టుకుని గుమ్మందాకా వెళ్ళి, వెనక్కి తిరిగాడు.

"కాగితం రాసింది అని ఆగావు చూడు, ఆ ఆగడం మాత్రం బ్రహ్మాండంరా."

ఆ మాటకి వాంజెల్ గుండె పొంగింది. లాంబి అంతటి నటుడు మెచ్చుకున్నాడని సంతోషపడింది. అంత మాట పడ్డాక కూడా తనకి సంతోషం కలిగిందని అతను గ్రహించేసరికి లాంబి వీధి దాటిపోయాడు. వెనకాల పరిగెత్తడానికి వాంజెల్‌కి మొహం చెల్లలేదు.