పత్తి చేనులోకి జరిగిన సమాధులు

ఆ రోజుల్లో, కంప్యూటర్ అడిగే ప్రశ్నలన్నీ మర్యాద కోసం అడిగేవేనని నా నమ్మకం. ఎదురుపడ్డవాళ్లు "భోజనమైందా?" అన్నట్టన్నమాట, "ఆఁ" అనేస్తే సరిపోతుంది. పటాన్‌చెరులో మ్యాపులు తయారుచేసే ఒక చిన్న ఆఫీసులో చేరి అప్పటికి రెండు నెలలు. పాత కాగితం మ్యాపులను కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. లక్డారం అవతల ఒక ఫ్యాక్టరీకి వేయబోయే రోడ్డు దారిలో పాత క్రైస్తవ సమాధులున్నాయనీ, వాటిని తప్పించేలా హద్దు గీయమనీ మా సారు ఒక పాత సర్వే మ్యాపు ఇచ్చారు. ఫైలు తెరవగానే, "ఇది ఏ కోఆర్డినేట్ సిస్టమ్?" అని ఒక పెట్టె వచ్చి అడిగింది. వరసలో మొదట కనబడ్డ పేరు నొక్కేసి, సమాధుల చుట్టూ చక్కటి ఎర్ర గీత గీసి, రోడ్డు వేసేవాళ్లకు పంపేశాను. (గీత నీటుగా ఉందని సారు మెచ్చుకున్నారు కూడా. ఆ మెప్పు మర్నాటి దాకా నిలిచింది.)

మర్నాడు పొద్దున ఆ గీత ప్రకారం నేల మీద కర్రలు పాతడానికి, చేతిలో పట్టుకునే జీపీఎస్ మిషన్‌తో బయల్దేరాను. తోడు మా ఆఫీసు జీపు నడిపే అన్న. చలికాలం. ఎనిమిది దాటినా మంచు విడలేదు. అందులో ఫ్యాక్టరీల పొగ కలిసి, ముక్కులో మందుల వాసన. నాలుగడుగుల అవతల ఏముందో తెలియదు. మ్యాపులో మొదట ఒక బావి ఉంది. దాని దగ్గరికి చేరామని మిషన్ కూసింది. చూస్తే చుట్టూ పత్తి చేను. తెర మీద మాత్రం నా చుక్క సరిగ్గా బావి నడిమధ్యన ఉంది. మెల్లగా పక్కకు జరిగి, లేని ఆ బావిని చుట్టి అవతలికి నడిచాను. (నవ్వకండి. వెనక్కి తిరిగి చూస్తే అన్న కూడా చుట్టు తిరిగే వస్తున్నాడు.)

సమాధుల చోట మిషన్ మళ్లీ కూసింది. అక్కడా పత్తే. రాయి లేదు, సిలువ లేదు. అన్న గొంతు తగ్గించి, "చెల్లె, బాయి లేదు, గోరీలు లేవు. గిదేందో మంచిగ అనిపిస్తలేదు. జల్దీ పోదాం పా" అన్నాడు. నేను సారుకు ఫోన్ చేశాను.

"సార్, సమాధులు లేవు."

"సరిగ్గ సూసినవా?"

"వాటి మధ్యల్నే నిలబడ్డ సార్."

"లేకుంటే ఇగ పరేషానేంది? గీత తీసెయ్."

తీసేయడానికి మిషన్ మీద వేలు పెట్టబోతుండగా మంచులోంచి ఒక ఆడగొంతు వినబడింది. పేర్లు పిలుస్తోంది. ఒక పేరు, కాస్త ఆగి ఇంకో పేరు. ఎవరూ పలకడం లేదు. అన్న నా చేతి సంచీ పట్టుకున్నాడు. (ధైర్యం చెప్పడానికని తర్వాత అన్నాడు.) పారిపోవాలనే అనుకున్నాను, నిజం చెబుతున్నాను. కానీ ఆ గొంతు వచ్చిన వైపే ఏదో పెద్ద ఇంజన్ గుర్రుమంది. అప్పుడు నా ఎర్ర గీత గుర్తొచ్చింది. మొక్కలకు తట్టుకుంటూ పరిగెత్తాను.

రెండు వందల మీటర్లు కూడా ఉండదు. మంచులోంచి ముందు ఒక సిలువ కనబడింది, తర్వాత ఇంకోటి. వాటి మధ్య కూచుని ఒక అవ్వ, చీపురుతో ఒక్కో సమాధీ ఊడుస్తూ, అందులో పడుకున్నవాళ్లను పేరు పెట్టి పలకరిస్తోంది. ఆమెకు ఇరవై అడుగుల దూరంలో తవ్వే మిషన్, తొట్టి పైకెత్తి. నేను రెండు చేతులూ అడ్డం పెట్టి అరిచాను. బిహార్ నుంచి వచ్చిన ఆపరేటర్ తన ట్యాబ్ నాకే తిప్పి చూపించాడు. "మేడమ్, మ్యాప్ మే తో ఇధర్ కుఛ్ నహీఁ హై." మ్యాపులో ఇక్కడ ఏమీ లేదట. అది నేను పంపిన ఫైలే.

సారు వచ్చి, తిట్టాల్సినంతా తిట్టాక, విషయం చెప్పారు. పాత సర్వేవాళ్లు భూమి ఆకారాన్ని ఒక లెక్కన కొలిచారు. ఉపగ్రహాలు ఇంకో లెక్కన కొలుస్తాయి. అంకెలు అవే అయినా ఏ లెక్కవో చెప్పకపోతే ఊరికి ఊరే ఒక పక్కకు జరుగుతుంది. ఆ పెట్టె అడిగింది అదే. నాకు ఏడుపు ఆగలేదు. అవ్వ దగ్గరికి వచ్చి, "ఏడ్వకు బిడ్డా. నీ మిషన్‌ల మావోళ్లు యాడున్నరు, జెర సూపియ్యి" అంది. చూపించాను. పత్తి చేను నడిమధ్యన.

అవ్వ కొంగు అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది. "మా ఆయన బతికున్నన్ని దినాలు పత్తి ఏరవొమ్మంటె ఒక్కపారి పోలె. ఇప్పుడు పోయిండా?"

సమాధులను తప్పిస్తూ రోడ్డు అక్కడ వంపు తిరిగింది. ఇన్నేళ్లలో వేల ఫైళ్లు సరిచేశాను, ఎందరికో నేర్పాను. అయినా పొగమంచు పట్టిన పొద్దున ఆ వంపు దగ్గర ఎవరైనా ఎవరినైనా పేరు పెట్టి పిలిస్తే, ఇప్పటికీ బండిని కాస్త నెమ్మది చేస్తాను. నాలోని అప్పటి అమ్మాయి గుర్తొస్తుంది: చెప్పుల నిండా బురద, కళ్లనిండా నీళ్లు, తన తప్పుకు అడ్డంగా చేతులు చాచి నిలబడి. ఎంత తెలివితక్కువదో! అంత వేగంగా మాత్రం ఇప్పుడు నేను పరిగెత్తలేను.