కోతుల గుంపు ముందు నేను తెరిచిన గొడుగు

మొన్న శనివారం నేను చేసిన పని వింటే మీరు నవ్వుతారు. నవ్వండి, పరవాలేదు. ముప్పై రెండేళ్ళు పిల్లల నోటుబుక్కుల్లో ఎర్రగీతలు కొట్టిన సైన్సు టీచర్ని నేను. ఇప్పుడు నేను రాసినదాని మీదే ఎర్రగీత పడింది. కొట్టింది ఎవరో కాదు, నా మనవరాలు!

వరసగా చెప్తాను. మా సింధు జువాలజీలో రీసెర్చి చేస్తా ఉంది. చంద్రగిరి దాటినాక కొండ కింద ఒక కోతుల గుంపు ఉంది. రోజూ పొద్దున ఏడు నుంచి ఒంటిగంట దాకా కూర్చుని, అవి చేసేదంతా రాసుకోవాల. నెల రోజులు. ఒక్కరోజు తప్పినా మళ్ళీ మొదటికే. సరిగ్గా ఇరవై ఆరో రోజున దాని కాలు బెణికింది. పిల్ల ఏడుపు మొహం పెట్టింది.

"నేను పోతాలేవే," అన్నాను.

"అవ్వా, నీ వల్ల అవుతుందా?"

"బోర్డు వైపు తిరిగి రాస్తానే, వెనక బెంచీలో ఎవడు ఏం నములుతా ఉండాడో చెప్పినదాన్ని. ఇరవై కోతులు నాకొక లెక్కా?"

సరేనని మూడు రూల్సు చెప్పింది. మాట్లాడకూడదు. తిండి పెట్టకూడదు. ఏం జరిగినా మధ్యలో పోకూడదు.

ఇంతకీ అది తెలుసుకోవాలనుకునేది ఏందంటే, జతను ఎంచుకునేది ఎవరు? గుంపుకు పెద్దయిన మగకోతా, ఆడకోతా? బలమున్నోడిదే రాజ్యమని మనం అనుకుంటాం. కానీ క్లాసు లీడరు ఎంత గట్టోడైనా అందరి మీదా ఒకేసారి కన్నేయలేడు గదా? అట్లే ఇదీ. పెద్దది అటు తిరగంగానే ఆడకోతి తనకు నచ్చినదాని దగ్గరికి జారుకుంటుంది. పుట్టిన పిల్ల ఎవరిదో తేలకపోతే, 'నాదేనేమో' అని ఏ మగకోతీ ఆ పిల్లను చంపేదానికి రాదు. ఇదేదో ఆ తల్లులు కూర్చుని ఆలోచించింది కాదు. అట్లాంటి తల్లుల పిల్లలే ఎక్కువగా బతికినాయి, ఆ గుణమే నిలిచింది. అర్థమైంది గదా?

ఆడికి పోతే ఫారెస్టు వాచరు ఎదురొచ్చినాడు. మీసం నెరిసిపోయింది గానీ, చేతులు కట్టుకున్న తీరు చూసి గుర్తుపట్టినాను. మునిరత్నం, టెన్త్ బి సెక్షన్! "టీచర్, మీరా! ఈ బండ మీద కూసోండి, నేను ఆ పక్కనే ఉంటా," అన్నాడు.

గొప్ప చెప్పుకుంటున్నానని అనుకోవద్దు, తొమ్మిది కల్లా ప్రతి కోతినీ మొహం చూసి చెప్పగలిగినాను. హాజరు కూడా వేసినాను. పెద్దదానికి చెవి తెగి ఉంది. నడినెత్తిన చక్కగా పాపిడి తీసినట్టుండే ఆడకోతికి పాపిడమ్మ అని పేరు పెట్టినాను. ఒక మూల బిక్కుబిక్కుమంటా కూర్చున్నది బక్కోడు.

పదీ నలభైకి పాపిడమ్మ లేచింది. ఏదో రేగ్గాయలు ఏరుకునేదాని మాదిరి అటూ ఇటూ చూసి, నా పక్కనుండే గుండురాయి చాటుకు పోయింది. ఆడ బక్కోడు ముందే వచ్చి ఉన్నాడు! సింధు ఇన్ని రోజులుగా కాచుకున్నది దీనికోసమే. గబగబా రాస్తా ఉండాను. అంతలో తెగినచెవోడికి అనుమానం వచ్చింది. లేచినాడు. నేరుగా నా వైపే వస్తా ఉన్నాడు. ఇంకో నాలుగడుగులు వేస్తే ఇద్దరూ దొరికిపోతారు.

నాకేం పూనిందో తెలీదు. లేచి అడ్డంగా నిలబడి, నా నల్లగొడుగు టప్పున తెరిచినాను! అంతటితో ఊరుకున్నానా? వెనక్కి తిరిగి, పరీక్ష హాల్లో చెప్పినట్టు, "ఇంక రెండు నిమిషాలే టైముండాది, తొందరగా కానీండి!" అన్నాను.

తెగినచెవోడు ఒక్కసారి బెదిరి, మరుక్షణం పళ్ళు ఇకిలించి, నా బ్యాగులోని టిఫిన్ బాక్సు లాక్కుని చెట్టెక్కినాడు. చిత్రాన్నమంతా ఆరగించినాడు. మూడు రూల్సూ ఒక్క నిమిషంలో పాయె!

ఇంటికొచ్చి నోటుబుక్కు ఇచ్చినాను. సింధు చదివి చదివి ఒకచోట ఆగింది.

"అవ్వా, 10.43కు 'గొడుగు తెరిచితిని' అని రాసినావే!"

"ప్రయోగంలో అబద్ధం రాయకూడదమ్మా."

అది వాళ్ళ గైడు మేడానికి ఫోన్ చేసింది. నేను హెడ్మాస్టరు గది బయట నిలబెట్టిన పిల్ల మాదిరి గోడకానుకుని నిలబడినాను. నెలంతా నా వల్లే పోయిందేమోనని భయం. ఫోన్లోంచి ముందు పెద్ద నవ్వు వినిపించింది. ఆ ఒక్క వరస కొట్టేయమన్నారంట, మిగతా రోజంతా పనికొస్తుందంట. పైగా, "ఇంత వివరంగా ఇన్ని రోజుల్లో నువ్వే రాయలేదు గదమ్మా" అని సింధునే అడిగినారంట! అది ఎర్రగీత కొడతా ఉంటే నాకు కోపం రాలేదు, నిజం చెప్తున్నాను. స్కేలు పెట్టి నిటారుగా కొట్టమన్నాను, అంతే.

మరుసటి రోజూ నేనే పోయినాను, గొడుగు లేకుండా. మునిరత్నం ఖాళీ బాక్సు కడిగి తెచ్చిచ్చినాడు. పోకుండా ఆడే నిలబడి మీసం సవరించుకుంటా ఉన్నాడు.

"ఏంరా?"

"ఏం లేదు టీచర్. నిన్న చెట్టు కాడ్నుంచి అంతా చూసినా. మాకు టెన్త్‌లో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చినప్పుడు, 'ఇది ఇంట్లో చదువుకోండి' అని ఆ పేజీలన్నీ తిప్పేసినారు గదా మీరు?"

వాడన్నది నిజమే. ముప్పై రెండేళ్ళు పిల్లలకు ఎగ్గొట్టిన పాఠానికి, కోతులకు మాత్రం దగ్గరుండి ప్రాక్టికల్స్ చేయించినాను.